పెంటోబార్బిటాల్ మత్తులో చేసిన ఇస్కీమియా ప్రయోగాల ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

కృష్ణాతీరం (ఎం.ఫార్మసీ విద్యార్థిని)

సభ్యులందరికీ నమస్కారం. ఎలుకల మెదడుకు రక్తప్రసరణను కొంతసేపు ఆపి (దీన్నే ఇస్కీమియా అంటారు), తిరిగి వదిలి, ఒక మొక్క సారం ఆ మెదడును ఎంతవరకు కాపాడగలదో పరీక్షించడం నా థీసిస్ అంశం. మెడలోని కెరోటిడ్ ధమని గుండా సన్నని నైలాన్ దారాన్ని లోపలికి పంపి, మధ్య మస్తిష్క ధమని మొదలును మూసివేసే పద్ధతిని, అంటే 1989లో లోంగా బృందం వివరించిన పద్ధతిని అనుసరించాలనుకుంటున్నాము. రెండు గంటల తరువాత దారం వెనక్కి తీసి, మర్నాడు మెదడును ముక్కలుగా కోసి టీటీసీ ద్రావణంలో ఉంచితే బతికిన కణజాలం ఎర్రబడుతుంది, చచ్చినది తెల్లగా మిగులుతుంది. ఆ తెల్లని భాగం ఎంత తగ్గితే సారం అంత పనిచేసినట్టు లెక్క.

మా ప్రయోగశాలలో ఐసోఫ్లూరేన్ అనే పీల్చే మత్తుమందును ఇచ్చే వేపరైజర్ లేదు. బార్బిట్యురేట్ వర్గపు మత్తుమందు అయిన పెంటోబార్బిటాల్ ఉంది, దానితో ఇతర ప్రయోగాలు చేసిన అనుభవమూ ఉంది. అయితే మా సీనియర్ ఒకరు, బార్బిట్యురేట్లు స్వయంగా మెదడును కాపాడతాయి కాబట్టి ఆ మత్తులో చేసిన ఏ ఇస్కీమియా ప్రయోగమూ నిలవదని అంటున్నారు. మా గైడ్ గారు మాత్రం, సారం ఇచ్చిన ఎలుకలకూ ఇవ్వని ఎలుకలకూ ఒకే మత్తు, ఒకే మోతాదు ఇస్తాము కాబట్టి ఆ ప్రభావం రెండు వైపులా సమానమై కొట్టుకుపోతుందని చెబుతున్నారు. ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పంపేలోగా ఈ విషయం తేల్చుకోవాలి. పెద్దలు వివరించగలరని కోరుతున్నాను.

విశాఖ_మత్తువైద్యుడు

కృష్ణాతీరం గారూ, మీ సీనియర్ చెప్పినదానిలోనూ, మీ గైడ్ గారు చెప్పినదానిలోనూ సగం సగం నిజం ఉంది. ఏ సగం ఎక్కడిదో తెలియాలంటే ఈ మందు మెదడులో ఏం చేస్తుందో ముందు చూడాలి.

బార్బిట్యురేట్లు, మెదడు కణాలను శాంతపరిచే గాబా అనే రసాయనాన్ని అందుకునే గాబా-ఏ గ్రాహకం మీద కూర్చుని, దానిలోని క్లోరైడ్ ద్వారం తెరుచుకున్నప్పుడు ఎక్కువసేపు తెరిచి ఉండేలా చేస్తాయి. డయాజెపామ్ వంటి బెంజోడయాజెపైన్లు ఆ ద్వారం తెరుచుకునే సంఖ్యను మాత్రమే పెంచుతాయి. అంతేకాక మోతాదు పెరిగితే గాబా లేకుండానే ఆ ద్వారాన్ని బార్బిట్యురేట్లు తెరవగలవు. అందువల్లనే వీటితో మెదడులోని విద్యుత్ చర్యను పూర్తిగా అణచివేసి, ఈఈజీని, అంటే ఆ విద్యుత్ చర్య నమోదును, గీతలా చదును చేయడం సాధ్యమవుతుంది. శరీర బరువులో సుమారు 2 శాతమే ఉన్న మెదడు, విశ్రాంతిలో శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం తీసుకుంటుంది. ఆ ఖర్చులో సగానికి పైగా సంకేతాలు పంపుకునే పనికే పోతుంది, మిగిలినది కణం తన పొరలను, అయాన్ల సమతుల్యతను కాపాడుకోవడానికి సరిపోతుంది. దుకాణం మూసి దీపాలన్నీ ఆర్పినా లోపలి ఫ్రిజ్ నడుస్తూనే ఉండాలి కదా, ఇదీ అలాంటిదే. బార్బిట్యురేట్ దీపాలను ఆర్పుతుంది, ఫ్రిజ్ జోలికి పోదు.

అమెరికాలోని మేయో క్లినిక్‌లో మైకెన్‌ఫెల్డర్ 1974లో కుక్కల మీద ప్రచురించిన పని దీన్ని చాలా స్పష్టంగా చూపించింది. థయోపెంటాల్ (దీన్నే థయోపెంటోన్ అని కూడా అంటారు) అనే బార్బిట్యురేట్ మోతాదు పెంచుతూ పోయేకొద్దీ మెదడు ఆక్సిజన్ వాడకం తగ్గుతూ వచ్చి, ఈఈజీ చదునైన చోట ఆగిపోయింది. ఆ తరువాత ఎంత మందు ఎక్కించినా అది ఇక తగ్గలేదు. మందుకు ఉన్న ఈ అడుగు హద్దును గుర్తుంచుకోండి, తరువాతి వివాదాలన్నీ దాని చుట్టూనే తిరిగాయి. శరీరాన్ని చల్లబరచడానికి మాత్రం ఆ హద్దు లేదు. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ తగ్గినప్పుడల్లా మెదడు జీవక్రియ సుమారు 6 నుంచి 7 శాతం తగ్గుతుంది, ఆ తగ్గుదల సంకేతాల ఖర్చుకూ కణరక్షణ ఖర్చుకూ రెండింటికీ వర్తిస్తుంది.

శరీరధర్మ_బోధిని

డాక్టర్ గారు చెప్పిన హద్దు దగ్గరి నుంచే నేను మొదలుపెడతాను, ఎందుకంటే ఈ అంశాన్ని మా విద్యార్థులకు చెప్పేటప్పుడు వారు సరిగ్గా అక్కడే తడబడతారు.

మనిషి మెదడులో 100 గ్రాముల కణజాలానికి నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 20 దగ్గరకు పడిపోయేసరికి విద్యుత్ చర్య మందగించి ఆగిపోతుంది, కాని కణం చావదు. సుమారు 10 కంటే కిందికి పోతే పొటాషియం బయటికి, కాల్షియం లోపలికి దూసుకుపోయి కణం కూలిపోతుంది. ఈ రెండు హద్దుల మధ్య, మూగబోయి బతికి ఉన్న మండలాన్ని పెనంబ్రా అంటారు. దాని హద్దులను ఆస్ట్రప్, సీజ్యో, సైమన్ 1981లో చక్కగా వివరించారు.

ఇప్పుడు రెండు సందర్భాలను ఊహించండి. మొదటిది పక్షవాతం వంటిది. ఒక ధమని మూసుకుపోయినా పక్కదారుల నుంచి కొంత రక్తం అందుతూ ఉంటుంది, అంచుల్లోని కణాలు ఇంకా కొంత సంకేతాల ఖర్చు చేస్తూ ఉంటాయి. ఆ ఖర్చును మందు తగ్గిస్తే, ఉన్న కొద్దిపాటి రక్తం కణరక్షణకు సరిపోవచ్చు. రెండోది గుండె ఆగిపోవడం. ప్రసరణ పూర్తిగా నిలిచిన అరనిమిషంలోపే ఈఈజీ దానంతట అదే చదునవుతుంది. అంటే మందు చేయగలిగిన పనిని ఇస్కీమియా ముందే చేసేసింది, మందుకు తగ్గించడానికి ఇక ఏమీ మిగలలేదు. మెదడు మొత్తానికీ రక్తం ఆపివేసిన కుక్కల్లో బార్బిట్యురేట్ ఎలాంటి రక్షణా ఇవ్వలేదని స్టీన్, మిల్డే, మైకెన్‌ఫెల్డర్ 1979లో ప్రచురించిన ఫలితం ఈ తర్కానికి సరిగ్గా సరిపోయింది. దీనికి ముందు 1974 నుంచి 1976 వరకు స్మిత్, హాఫ్, మైకెన్‌ఫెల్డర్ తదితరులు కుక్కల్లోనూ కోతుల్లోనూ ఒక్క ధమనిని మూసి చేసిన ప్రయోగాల్లో చచ్చిన భాగం గణనీయంగా తగ్గింది. ఒకే మందు ఒకచోట కాపాడి మరోచోట కాపాడలేదని ఆశ్చర్యపోవలసిన పని లేదు. అవి రెండు వేర్వేరు ప్రశ్నలు.

కృష్ణాతీరం గారు ఎంచుకున్న పద్ధతి మొదటి రకానికి చెందినది. అంటే బార్బిట్యురేట్ తన ప్రభావం చూపడానికి అన్నింటికంటే అనువైన నమూనాలోనే ఆమె దానిని మత్తుమందుగా వాడబోతున్నారు. అందుకే నా సలహా సూటిగా చెబుతున్నాను. ఈ ప్రయోగానికి పెంటోబార్బిటాల్ వద్దు.

గోదారి_గట్టు

నేను వైద్యరంగంలో లేను, అయినా ఈ చర్చ చదువుతుంటే ఒక సందేహం కలిగింది. మా బాబాయి గారికి రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినప్పుడు ఐసీయూలో థయోపెంటోన్ ఇచ్చి కొన్నాళ్లు నిద్రలోనే ఉంచారు. మెదడుకు విశ్రాంతి ఇస్తున్నామని మాకు చెప్పారు. జంతువుల్లో తేలినది మనుషుల్లో కూడా నిజమైందా? గుండె ఆగి బతికినవారికి కూడా ఇదే ఇస్తారా?

విశాఖ_మత్తువైద్యుడు

గోదారి_గట్టు గారూ, మీ ప్రశ్న ఈ చర్చకు చాలా అవసరమైనది. రెండింటికీ విడివిడిగా జవాబు చెబుతాను.

గుండె ఆగి బతికినవారి సంగతి ముందు. పిట్స్‌బర్గ్‌లో పీటర్ సఫర్ గారి బృందం 1978లో, కోతుల మెదడుకు 16 నిమిషాల పాటు రక్తం ఆపి ఆ తరువాత భారీ మోతాదులో థయోపెంటాల్ ఇస్తే నష్టం తగ్గిందని ప్రకటించింది. నోటి ద్వారా శ్వాస, ఛాతీ నొక్కడం కలిసిన సీపీఆర్‌ను ప్రపంచానికి అలవాటు చేసినవారిలో సఫర్ ముఖ్యులు. గుండె తిరిగి కొట్టుకున్నా మెదడు తిరిగి రాని మనుషులను చూసి తపించిన వ్యక్తి. కాబట్టి ఆ ఫలితం ఎంత ఆశ రేపిందో ఊహించుకోవచ్చు. అయితే అదే ఊళ్లో మరింత కట్టుదిట్టంగా మళ్లీ చేసి 1984లో ప్రచురించిన కోతుల ప్రయోగంలో ఆ మేలు కనిపించలేదు. తరువాత అనేక ఆసుపత్రులు కలిసి, గుండె ఆగి బతికి స్పృహ రాని 262 మందిని రెండు భాగాలుగా విభజించి, ఒక భాగానికి కిలో బరువుకు 30 మిల్లీగ్రాముల థయోపెంటాల్ ఇచ్చి, 1986లో ఫలితం ప్రకటించాయి. మరణాల్లో గాని, మెదడు కోలుకోవడంలో గాని చెప్పుకోదగిన తేడా రాలేదు. అప్పటి నుంచి గుండె ఆగినవారిలో మెదడు రక్షణ కోసమని ఈ మందును ఇచ్చే పద్ధతి లేదు. మూర్ఛలు వస్తే వాటిని ఆపడానికి వాడితే అది వేరే సంగతి. సొంత ఆశను తామే పరీక్షకు పెట్టి, వ్యతిరేక ఫలితం వచ్చినా దాచకుండా ప్రకటించిన ఆ పరిశోధకులంటే నాకు ఎంతో గౌరవం.

మీ బాబాయి గారికి ఇచ్చింది వేరే కారణంతో. తలకు దెబ్బ తగిలినప్పుడు మెదడు వాచి, పుర్రె లోపలి ఒత్తిడి పెరుగుతుంది. బార్బిట్యురేట్ మెదడు జీవక్రియను తగ్గించగానే ఆరోగ్యకరమైన భాగాల్లో రక్తనాళాలు కుంచించుకుంటాయి, లోపలి రక్తం పరిమాణం తగ్గుతుంది, దానితో ఒత్తిడి దిగుతుంది. ఇతర చికిత్సలకు లొంగని ఒత్తిడి ఉన్నవారిలో ఇది ఉపయోగపడుతుందని 1988లో ఐసెన్‌బర్గ్ బృందం చూపింది. దెబ్బ తగిలిన ప్రతి ఒక్కరికీ ముందుజాగ్రత్తగా ఇస్తే మాత్రం మేలు లేదని అంతకు ముందే, 1985లో తేలింది. ఇబ్బంది ఏమిటంటే ఈ మందు రక్తపోటును కూడా పడగొడుతుంది. తల గాయాలపై జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష ప్రకారం, చికిత్స పొందిన ప్రతి నలుగురిలో ఒకరికి రక్తపోటు ప్రమాదకరంగా పడిపోయింది. పుర్రె లోపలి ఒత్తిడి తగ్గినా పైనుంచి వచ్చే రక్తపోటు కూడా తగ్గితే మెదడుకు చేరే రక్తం పెరగదు. అందుకే దీనిని చిట్టచివరి అస్త్రంగా, ఐసీయూలో నిరంతర పరిశీలన మధ్యనే వాడతారు.

ఓరుగల్లు_ఫార్మకాలజీ

చర్చను కొద్దిగా ప్రయోగశాల వైపు తిప్పుతున్నాను, కృష్ణాతీరం గారి దరఖాస్తు అక్కడ ఎదురు చూస్తున్నది కాబట్టి. వారి గైడ్ గారి వాదన పైకి నిర్దుష్టంగా కనిపిస్తుంది. రెండు గుంపులకూ ఒకే మత్తు ఇస్తే ప్రభావం సమానమవుతుందన్నది నిజం కావాలంటే, రెండు గుంపుల్లోనూ మత్తు ఒకే లోతున, ఒకే నిడివిన ఉండాలి. ఇచ్చిన మోతాదు ఒకటైనంత మాత్రాన అలా జరగదు.

పెంటోబార్బిటాల్‌ను కాలేయంలోని ఎంజైములు కరిగిస్తాయి. మొక్కల సారాల్లో చాలా వాటికి ఆ ఎంజైములను అణచే గుణమో, ప్రేరేపించే గుణమో ఉంటుంది. పైగా కొన్ని సారాలు తమంతట తామే మెదడుపై మగతను కలిగిస్తాయి. మన ఫార్మసీ కళాశాలల్లో ప్రతి బ్యాచ్ విద్యార్థులూ చేసే పెంటోబార్బిటాల్ నిద్రాకాల పరీక్ష దీని మీదనే ఆధారపడి ఉంది. సారం ఇచ్చిన ఎలుక ఎక్కువసేపు పడుకుంటే సారంలో మగత కలిగించే గుణమో, ఎంజైమును అణచే గుణమో ఉందని రాసుకుంటాము. అదే ఎలుకను ఇస్కీమియా బల్ల మీద పడుకోబెట్టినప్పుడు ఆ సంగతి మరచిపోతున్నాము. సారం తీసుకున్న ఎలుకలో మత్తు మరింత లోతుగా, మరింత సేపు నిలుస్తుంది. లోతైన మత్తులో ఒళ్లు చల్లబడుతుంది. చల్లబడిన మెదడులో చచ్చిన భాగం తగ్గుతుంది. చివరికి మనం సారం మెదడును కాపాడిందని రాస్తాము. కాపాడింది బహుశా చలి.

ఇది ఊహాగానం కాదు. 1987లో బుస్టో బృందం ఎలుకల్లో ఇస్కీమియా సమయంలో మెదడు ఉష్ణోగ్రతను రెండు మూడు డిగ్రీల మేర మార్చి చూస్తే, కణాల చావులో పెద్ద తేడా వచ్చింది. అంతకు ముందు నాటి ప్రయోగాల్లో ఎక్కువమంది ఆసన ఉష్ణోగ్రతను మాత్రమే కొలిచేవారు. రక్తం అందని మెదడు శరీరం కంటే త్వరగా చల్లబడుతుందని అప్పటికి ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 1970ల నాటి బార్బిట్యురేట్ విజయగాథల్లో ఎంత భాగం మందుది, ఎంత భాగం చలిది అన్న ప్రశ్న ఆ తరువాతే బలంగా లేచింది.

శరీరధర్మ_బోధిని

ఓరుగల్లు గారి వాదనకు ఒక చేర్పు. ఉష్ణోగ్రతను జాగ్రత్తగా అదుపులో ఉంచి చేసిన తరువాతి ప్రయోగాల్లో కూడా బార్బిట్యురేట్ రక్షణ పూర్తిగా మాయం కాలేదు. వార్నర్ బృందం 1996లో ఎలుకల్లో, సరిగ్గా కృష్ణాతీరం గారు ఎంచుకున్న దారం నమూనాలోనే పెంటోబార్బిటాల్‌ను పరీక్షించింది. ఈఈజీని అణచివేసే భారీ మోతాదుకూ, అంతకంటే చాలా తక్కువ మోతాదుకూ రక్షణలో తేడా కనిపించలేదు. అంటే మామూలు మత్తు స్థాయిలోనే మందు తన పూర్తి ప్రభావం చూపేసింది. విద్యుత్ ఖర్చు తగ్గడమే కారణమైతే మోతాదుతో పాటు రక్షణ కూడా పెరగాలి కదా? అలా పెరగలేదు కాబట్టి ఖర్చు తగ్గింపు సిద్ధాంతం ఒక్కటే చాలదని అర్థమవుతున్నది. మెదడు కణాలను ఉద్రేకపరిచే గ్లూటమేట్ అనే రసాయనపు గ్రాహకాల్లో ఆంపా రకాన్ని అణచడం, గాబా ద్వారా ఉద్రేకాన్ని తగ్గించడం వంటి ఇతర మార్గాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఈ ఫలితంతో నా భయం పెరిగింది. సారం ఇవ్వని నియంత్రణ గుంపులోనే మందు గరిష్ఠ రక్షణ ఇచ్చేస్తే, సారం అదనంగా చూపగలిగే మేలుకు చోటే మిగలదు. నిజంగా పనిచేసే సారం కూడా పనిచేయనట్టు కనిపించవచ్చు. కాబట్టి పొరపాటు ఒక వైపే జరుగుతుందని అనుకోవద్దు. లేని మేలు కనిపించవచ్చు, ఉన్న మేలు దాగిపోవచ్చు.

ప్రవాస_జీవరసాయన

చర్చ అంతా మెదడు చుట్టూ జరుగుతున్నది. గుండె కణజాలం గురించి ఒక ఆసక్తికరమైన పాయను కలుపుతాను. అమోబార్బిటాల్ అనే బార్బిట్యురేట్, కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోని శ్వాసక్రియ గొలుసులో మొదటి సముదాయాన్ని, అంటే కాంప్లెక్స్ వన్‌ను తాత్కాలికంగా మూసివేస్తుంది. రోటెనోన్ అనే విషం కూడా అక్కడే పనిచేస్తుంది కాని అది వదలదు, అమోబార్బిటాల్ కడిగేస్తే వదిలిపోతుంది. లెస్నెఫ్‌స్కీ, చెన్ బృందం శరీరం నుంచి వేరుచేసిన గుండెలకు రక్తం ఆపడానికి కాస్త ముందు అమోబార్బిటాల్ ఇచ్చి చూసింది. మైటోకాండ్రియా మెరుగ్గా నిలిచిందని, తిరిగి ప్రసరణ వచ్చిన తరువాత చచ్చిన కండరం కూడా తగ్గిందని 2006లో ప్రచురించింది.

శక్తిని తయారుచేసే యంత్రాన్ని ఆపితే కణం బతకడమేమిటన్న అనుమానం సహజం. ఆక్సిజన్ అడుగంటిన సమయంలో ఆ గొలుసు నడుస్తూ ఉంటే మేలు కంటే నష్టమే ఎక్కువ, మైటోకాండ్రియా తన భాగాలను తానే పాడుచేసుకుంటుంది. ఇక రక్తం తిరిగి వచ్చిన క్షణంలో జరిగేదాన్ని 2014లో చౌచానీ, మర్ఫీ, క్రీగ్ తదితరులు వివరించారు. ఇస్కీమియాలో పేరుకుపోయిన సక్సినేట్ అనే పదార్థం ఒక్కసారిగా ఆక్సీకరణ చెందుతుంది, ఎలక్ట్రాన్లు కాంప్లెక్స్ వన్ గుండా వెనక్కి ప్రవహిస్తాయి, హానికరమైన ఆక్సిజన్ రూపాలు వెలువడతాయి. కాంప్లెక్స్ వన్‌ను కాసేపు మూస్తే ఆ వెనుకటి ప్రవాహం కూడా ఆగుతుంది.

ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి. ఆ గుండెలకు అందిన అమోబార్బిటాల్ గాఢత మిల్లీమోలార్ స్థాయిలో ఉంటుంది. నిద్ర పుచ్చడానికి రక్తంలో కావలసిన గాఢతకు అది చాలా రెట్లు ఎక్కువ. కనుక ఆ ఫలితాలను తెచ్చి, పెంటోబార్బిటాల్ మత్తులో ఉన్న ఎలుక మైటోకాండ్రియాకు అంటగట్టకూడదు. పరిశోధన పత్రాల పరిచయ భాగంలో ఈ రెండింటినీ కలిపివేయడం నేను తరచుగా చూస్తున్నాను.

పసికందుల_వైద్యురాలు

నవజాత శిశువుల గురించి క్లుప్తంగా. పుట్టుకలో ఊపిరందక మెదడు దెబ్బతిన్న పిల్లల్లో మూర్ఛలకు మనం ఇప్పటికీ మొదట వాడేది ఫినోబార్బిటోన్ (ఫినోబార్బిటాల్) అనే బార్బిట్యురేట్. మూర్ఛలను ఆపడంలో అది లెవెటిరాసిటామ్ అనే మరో మూర్ఛ మందు కంటే మెరుగని 2020లో ప్రచురితమైన నియోలెవ్-2 పరీక్ష చూపింది. కాని మూర్ఛ ఆగడం, మెదడు బతకడం రెండూ ఒకటి కావు. ఎదుగుతున్న ఎలుక పిల్లల మెదడులో ఫినోబార్బిటాల్‌తో సహా కొన్ని మూర్ఛ మందులు కణాల చావును పెంచాయని 2002లో బిట్టిగావ్ బృందం చూపించింది.

చలి విషయంలో కూడా ఒక మాట. సంపన్న దేశాల్లో ఇలాంటి శిశువులను చల్లబరచడం మేలు చేసింది. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో జరిగి 2021లో వెలువడిన హెలిక్స్ పరీక్షలో మేలు కనిపించకపోగా మరణాలు పెరిగాయి. ఒకచోట తేలిన రక్షణ మరోచోట అలాగే తేలుతుందని అనుకోరాదనడానికి మన దగ్గరే ఇంత పెద్ద ఆధారం ఉంది.

కృష్ణాతీరం

అందరికీ నా హృదయపూర్వక ధన్యవాదాలు. ఈ విషయాలన్నీ మా గైడ్ గారికి చదివి వినిపించాను. వారు సంతోషించి, రెండు ప్రశ్నలు అడగమన్నారు. మొదటిది, పెంటోబార్బిటాల్ వద్దంటే కెటమిన్, జైలజీన్ కలిపి ఇవ్వవచ్చా? రెండోది, రక్తపోటు కొలవడానికి తొడలోని ధమనిలో కాన్యులా అనే సన్నని గొట్టం పెడుతున్నాము, మత్తు చాలకపోతే మధ్యలో అదనపు మోతాదును ఆ దారినే ఇవ్వవచ్చా?

విశాఖ_మత్తువైద్యుడు

రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది ప్రమాదకరం. బార్బిట్యురేట్ ద్రావణాన్ని ఎట్టి పరిస్థితిలోనూ ధమనిలోకి ఎక్కించకండి. ఉదాహరణకు థయోపెంటోన్ ద్రావణం పీహెచ్ 10 దాటి ఉంటుంది. ధమనిలోకి పోయినప్పుడు రక్తంతో కలిసి పలచబడి, పీహెచ్ పడిపోగానే మందు స్ఫటికాలుగా విడిపోతుంది. సిరలోనైతే ముందుకు పోయేకొద్దీ నాళాలు వెడల్పవుతాయి, మరింత రక్తం కలుస్తుంది, ఇబ్బంది లేదు. ధమనిలో ముందుకు పోయేకొద్దీ నాళాలు సన్నబడతాయి. స్ఫటికాలు అక్కడ ఇరుక్కుంటాయి, లోపొర దెబ్బతింటుంది, నాళం బిగుసుకుంటుంది, రక్తం గడ్డకడుతుంది. మనుషుల్లో పొరపాటున మోచేతి దగ్గరి ధమనిలోకి పోయి వేళ్లు కుళ్లిపోయిన ఘటనలు ఈ మందు వాడుకలోకి వచ్చిన తొలి దశాబ్దాల్లోనే నమోదయ్యాయి. 5 శాతం ద్రావణాన్ని వదిలి 2.5 శాతానికి మారడానికి అదొక ముఖ్య కారణం. పీజీ పరీక్షల్లో దీని చికిత్స అడగని ఏడాది ఉండదు. సూది తీయకుండా అలాగే ఉంచాలి, దాని గుండానే సెలైన్, పాపావెరిన్ వంటి నాళాన్ని వదులుచేసే మందు ఇవ్వాలి, రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ మొదలుపెట్టాలి, చేతికి నరాల బ్లాక్ ఇచ్చి నాళాలను విప్పాలి.

మెదడును ఇస్కీమియా నుంచి కాపాడుతుందా అని మనం ఇంతసేపు చర్చించిన మందే, దారి తప్పితే కాలులోనో చేతిలోనో స్వయంగా ఇస్కీమియాను తెచ్చిపెడుతుంది. మీ ధమని కాన్యులా మీద ఎర్ర అక్షరాలతో గుర్తు పెట్టండి.

ఓరుగల్లు_ఫార్మకాలజీ

మొదటి ప్రశ్నకు నేను చెబుతాను. కెటమిన్ గ్లూటమేట్ గ్రాహకాల్లో మరో రకమైన ఎన్ఎండీఏ గ్రాహకాన్ని అడ్డుకుంటుంది. ఇస్కీమియాలో కణాలను చంపే ముఖ్యమైన దారుల్లో ఆ గ్రాహకం ఒకటి. అందువల్ల అది పెంటోబార్బిటాల్ కంటే నిష్పక్షపాతం ఏమీ కాదు. జైలజీన్ ఎలుకల్లో రక్తంలో చక్కెరను పెంచుతుంది, చక్కెర పెరిగితే ఇస్కీమియా నష్టం పెరుగుతుంది. అంటే ఆ జంటలో ఒకటి ఫలితాన్ని ఒకవైపు లాగితే రెండోది మరోవైపు లాగుతుంది. ఐసోఫ్లూరేన్‌కు కూడా రక్షణ గుణం ఉంది. దాని మేలల్లా ఏమిటంటే, లోతును నిమిషాల్లో మార్చుకోవచ్చు, ఎక్కువ భాగం ఊపిరితిత్తుల ద్వారానే బయటికి పోతుంది కాబట్టి కాలేయ ఎంజైములపై మీ సారం చూపే ప్రభావం దానిని పెద్దగా తాకదు. మీ సందర్భంలో నాకు నిర్ణయాత్మకంగా తోచే కారణం ఇదే. దగ్గరలోని పశువైద్య కళాశాలలోనో, వైద్య కళాశాల జంతుశాలలోనో వేపరైజర్ ఉంటుంది. అనుమతి అడగడానికి సంకోచించకండి.

అది దొరకకపోతే పెంటోబార్బిటాల్‌తోనే చేయవచ్చునని నా అభిప్రాయం, ఇక్కడ బోధిని గారితో నేను ఏకీభవించను. కాని ప్రధాన ప్రయోగానికి ముందే, సారం తీసుకున్న ఎలుకల్లోనూ తీసుకోని ఎలుకల్లోనూ నిద్రాకాలం కొలవండి. తేడా వస్తే ఈ మత్తుతో ఈ సారాన్ని పరీక్షించలేరని తేలిపోతుంది, అక్కడితో ఆపేయండి. తేడా రాకపోతే ఆ ఫలితాన్ని కూడా థీసిస్‌లో చేర్చండి.

శరీరధర్మ_బోధిని

ఓరుగల్లు గారి నిద్రాకాల పరీక్ష చాలా మంచి ఆలోచన, ఒప్పుకుంటాను. అయినా నియంత్రణ గుంపులోనే రక్షణ నిండిపోతుందన్న నా అభ్యంతరానికి అది జవాబు కాదు. పెంటోబార్బిటాల్‌తో చేస్తే, సారం పనిచేయలేదన్న ఫలితం వచ్చినప్పుడు దానినుంచి ఏమీ తేల్చలేమని థీసిస్‌లో స్పష్టంగా రాయవలసి ఉంటుంది. అంత పరిమితి ముందే తెలిసి, ఇన్ని జంతువుల ప్రాణాలు తీయడం సబబా అన్న ప్రశ్న ఎథిక్స్ కమిటీ అడిగితే జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

ఏ మత్తు ఎంచుకున్నా ఉష్ణోగ్రత విషయంలో రాజీ పడవద్దు. ఆసన ఉష్ణోగ్రతతో పాటు కణత కండరంలో కూడా సన్నని ప్రోబ్ పెట్టండి, అది మెదడు ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటుంది. శస్త్రచికిత్స ముగియగానే కొలవడం మానేయకండి. దారం నమూనాలో, ఒంటి ఉష్ణోగ్రతను అదుపు చేసే మెదడు భాగమైన హైపోథాలమస్‌కు కూడా రక్తం తగ్గి, ఎలుకలకు తరువాతి గంటల్లో ఒళ్లు వేడెక్కుతుంది. ఆ వేడి చచ్చే భాగాన్ని పెంచుతుంది. పెంటోబార్బిటాల్ మగత ఇంకా వదలని ఎలుకలో ఆ వేడి రాకపోవచ్చు. అప్పుడు సారం వేడిని తగ్గించిందా, మత్తు తగ్గించిందా అన్నది చెప్పలేరు. సొంతంగా ఊపిరి తీసుకుంటున్న ఎలుకల్లో లోతైన మత్తు వల్ల కార్బన్ డయాక్సైడ్ పెరిగి, మెదడు రక్తనాళాలు విప్పారతాయి కాబట్టి ధమని రక్తంలో వాయువులను కూడా కొలవండి.

ప్రవాస_జీవరసాయన

ఒక చిన్న జోడింపు. ధమని నిజంగా మూసుకుందో లేదో, రక్తప్రవాహాన్ని కొలిచే లేజర్ డాప్లర్‌తో నిర్ధారించుకోండి. దారం సరిగ్గా కూర్చోని ఎలుకలో తెల్లని భాగం తక్కువగా ఉంటే అది సారం గొప్పదనం కాదు.

కృష్ణాతీరం

దగ్గరలోని ఒక పశువైద్య కళాశాలను సంప్రదించాము. వారంలో కొన్ని రోజులు వేపరైజర్ ఇవ్వడానికి వారు అంగీకరించారు. కాబట్టి ప్రధాన ప్రయోగం ఐసోఫ్లూరేన్‌తోనే చేస్తాము. ఓరుగల్లు గారు చెప్పిన నిద్రాకాల పరీక్షను మాత్రం వదలడం లేదు. మా సారానికి మగత గుణం ఉన్నదీ లేనిదీ తెలియడం ఏ మత్తు వాడినా అవసరమని గైడ్ గారు అన్నారు. కణత ప్రోబ్, రక్తవాయువులు, డాప్లర్ దరఖాస్తులో చేర్చాము. ఒక్కటే మిగిలింది. మధ్యలో చనిపోయిన ఎలుకలను, దారం సరిగ్గా కూర్చోని ఎలుకలను లెక్కలోంచి తీసివేయవచ్చా?

ఓరుగల్లు_ఫార్మకాలజీ

తీసివేయవచ్చు, కాని ఏ కారణాలతో తీసివేస్తారో మొదటి ఎలుకను ముట్టుకోకముందే రాసి, తేదీ వేసి, గైడ్ గారి సంతకం తీసుకోండి. డాప్లర్‌లో ప్రసరణ ఎంత పడిపోతే మూసుకున్నట్టు లెక్కిస్తారో అంకెతో సహా అందులోనే ఉండాలి. ఏ ఎలుక ఏ గుంపుదో శస్త్రచికిత్స చేసే మీకు గాని, ముక్కల్లో తెల్లని భాగాన్ని కొలిచే వ్యక్తికి గాని తెలియకూడదు. మందు సీసాలకు సంకేత సంఖ్యలు వేసే పని మరొకరికి అప్పగించండి. ఎన్ని ఎలుకలతో మొదలుపెట్టారు, ఏ గుంపులో ఎన్ని పోయాయి, ఎందుకు పోయాయి అన్నది థీసిస్‌లో గుంపులవారీగా చూపండి. సారం ఇచ్చిన గుంపులోనే ఎక్కువ ఎలుకలు చనిపోయి, బతికినవాటిలో మాత్రమే తెల్లని భాగం చిన్నదిగా ఉంటే, పెద్ద నష్టం జరిగిన ఎలుకలు కొలతకు ముందే వెళ్లిపోయాయని అర్థం. ఆ పట్టిక లేకపోతే చదివేవారికి అది ఎప్పటికీ తెలియదు.